ఎవరిదీ కాని ఇంటరప్ట్

లినక్స్ లాగ్‌లో ‘ఐఆర్‌క్యూ 18: నోబడీ కేర్డ్’, అంటే 18వ ఇంటరప్ట్‌ని ఎవరూ పట్టించుకోలేదు అన్న వరుస కనబడితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంటరప్ట్ అంటే ‘నా పని చూడు’ అని ఒక కార్డు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం. ఆ సంకేతం వచ్చే తీగే లైన్, ఆ కార్డుతో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్. ‘నోబడీ కేర్డ్’ అనే ముందు లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ చాలా ఓపిక పట్టి ఉంటుంది. ఒక లైన్ మీద వచ్చిన లక్ష ఇంటరప్టుల్లో 99,900కి పైగా ‘ఇది నాది’ అని ఏ డ్రైవరూ ఒప్పుకోకపోతేనే ఆ లైన్‌ని మూసేస్తుంది. మూసేటప్పుడు కూడా ఆ లైన్ మీద ఏయే డ్రైవర్లు ఉన్నాయో పేర్లు రాసిపెట్టి మరీ మూస్తుంది. అంత వివరంగా చెప్పిన ఫిర్యాదును వినకుండా, దాని నోరు ఎలా మూయించాలా అని చూసేవాళ్లను రెండు దేశాల్లోనూ చూశాను. నాకు బాధ కలిగించే విషయం అదే.

నేను స్టుట్‌గార్ట్ దగ్గర, ఫ్యాక్టరీ యంత్రాలకు కంట్రోల్ కంప్యూటర్లు తయారుచేసే ఒక మధ్యస్థాయి కంపెనీలో పనిచేస్తున్నాను. అంతకుముందు హైదరాబాద్‌లో ఫోన్ చిప్‌లకు డ్రైవర్లు రాసేవాణ్ణి. అప్పట్లో నా కోడ్ చివరికి ఎవరి చేతికి చేరుతుందో నాకు తెలిసేది కాదు. ఇక్కడ బగ్ వస్తే యంత్రం దగ్గరికే వెళ్లాలి. ఇనుప ముక్కు ఉన్న బూట్లు వేసుకుని, చెవులకు రక్షణ పెట్టుకుని, ఆగిపోయిన లైన్ పక్కన ఎదురుచూస్తున్న మనుషుల మధ్య ల్యాప్‌టాప్ తెరవాలి. ఈ ప్రాంతానికి వచ్చాకే నేను ఇన్నాళ్లూ వాడుతున్నవి ఎక్కడ పుట్టాయో తెలిసింది. కార్లలో, యంత్రాల్లో భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల వ్యవస్థ కాన్ బస్‌ని 1986లో లోకానికి చూపించిన బాష్ కంపెనీ ఇక్కడిదే. లినక్స్‌లో కాన్‌కి ఉన్న సాకెట్ ఇంటర్‌ఫేస్ ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగంలో మొదలై, 2008లో 2.6.25 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. పని గడువు లోపే తప్పక జరిగేలా లినక్స్‌ని మార్చే, మేం రోజూ వాడే రియల్ టైమ్ ప్యాచ్‌ల వెనక ఉన్న థామస్ గ్లైక్స్‌నర్ కూడా జర్మనీ ఆయనే. ఇరవై ఏళ్లు కెర్నెల్ బయటే పెరిగిన ఆ పని 2024 సెప్టెంబరులో ప్రధాన శాఖలో కలిసిన రోజు, మా ఆఫీసులో వయసు మళ్లిన ఇంజినీర్లు కూడా పని ఆపి మాట్లాడుకున్నారు.

ఇక అసలు విషయం. కంప్యూటర్‌లో గుచ్చే పాత పీసీఐ కార్డులు ఇంటరప్ట్ లైన్‌ని పంచుకుంటాయి. నాలుగు వాటాల ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ ఉన్నట్టన్నమాట. మోగితే అందరూ బయటికొచ్చి వచ్చినవాళ్లు తమ చుట్టాలేనా అని చూసుకోవాలి. అలాగే ఏదో ఒక కార్డు పిలిచి లైన్ వోల్టేజీ కిందికి దిగినప్పుడు కెర్నెల్ ఆ లైన్ మీదున్న డ్రైవర్లన్నిటినీ వరసగా పిలుస్తుంది. ప్రతి డ్రైవరూ తన కార్డు స్టేటస్ రిజిస్టర్ (కార్డు పరిస్థితి చెప్పే బిట్లు ఉండే చిన్న గడి) చదివి, పని తనదైతే చేసి ‘ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్’ అనాలి, కాకపోతే ‘ఐఆర్‌క్యూ నన్’ అనాలి. ఈ రెండు జవాబుల్లో రెండోదే కీలకమని నా నమ్మకం. ‘నాది కాదు’ అన్న జవాబు నిజాయితీగా వస్తేనే కెర్నెల్ లెక్క సరిపోతుంది. పైగా పీసీఐ లైన్ లెవెల్ మీద నడుస్తుంది. కార్డు పట్టుకున్నంతసేపూ లైన్ కిందే ఉంటుంది. దాన్ని పట్టుకున్న కార్డుతో ఎవరూ మాట్లాడకపోతే ఇంటరప్ట్ వెంటవెంటనే వస్తూనే ఉంటుంది, లక్ష పూర్తవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంజినీరింగ్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ఇంటరప్టులను ప్రాసెసర్‌కి చేరవేసే 8259 అన్న పాత చిప్ కిట్‌తో కుస్తీ పట్టినవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట చెప్పాలి. ఉత్తుత్తి ఇంటరప్ట్ అన్నది ఆ చిప్ నాటి నుంచే ఉంది. ప్రాసెసర్ ఒప్పుకునే లోపే లైన్ పడిపోతే 8259 ఏదో ఒక జవాబు చెప్పాలి కాబట్టి 7వ నంబర్ చెబుతుంది. అప్పుడు ఏ ఇంటరప్ట్ పని నడుస్తోందో చెప్పే ఇన్ సర్వీస్ రిజిస్టర్‌లో 7వ బిట్ చూడాలి. అది లేకపోతే ‘పని అయిపోయింది’ అని చెప్పే ఎండ్ ఆఫ్ ఇంటరప్ట్ పంపకూడదు. మొదటిదానికి తగిలించిన రెండో చిప్ నుంచి 15 వస్తే మాత్రం, అది ఉత్తుత్తిదైనా, మొదటి చిప్‌కి పంపాలి. ఏఆర్ఎం చిప్‌లలో ఇలాంటి సందర్భానికి 1023 అన్న నంబర్ కేటాయించారు. మాకు కాలేజీలో కిట్ మీద కీలు నొక్కడం నేర్పారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. డేటాషీట్‌లో మాత్రం మొదటి నుంచీ ఉంది.

బ్లాక్ ఫారెస్ట్ అంచున ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ. చెక్క పలకలు కోసే యంత్రం గంటల తరబడి బాగానే నడిచి, ఉన్నట్టుండి సేఫ్ స్టాప్‌లోకి వెళ్లిపోయేది. ఆ సమయంలో టచ్ ప్యానెల్ కూడా బద్ధకంగా మారేదని ఆపరేటర్ చెప్పాడు. యంత్రం సంగతి చూడటానికి వచ్చినవాళ్లెవరూ ఈ ప్యానెల్ మాట పట్టించుకోలేదు. నాకు మాత్రం దారి దొరికింది అక్కడే. లాగ్ చూస్తే 18వ లైన్‌ని కెర్నెల్ మూసేసింది. దాని మీద ఇద్దరున్నారు. ఒకటి కాన్ కార్డు డ్రైవర్, రెండోది యూఎస్‌బీ కంట్రోలర్. టచ్ ప్యానెల్ ఆ యూఎస్‌బీ మీదే ఉంది. లైన్ మూశాక కెర్నెల్ పూర్తిగా చేతులెత్తేయదు, 100 మిల్లీసెకన్లకు ఒకసారి డ్రైవర్లను పిలిచి చూస్తుంది. అంటే సెకనుకు పది సార్లు. కాన్ బస్ మీద వేల సందేశాలు వచ్చే చోట అది ఏ మూలకూ చాలదు. కార్డు బఫర్ నిండిపోయింది, కంట్రోలర్ భయపడి యంత్రాన్ని ఆపేసింది. ఏ తప్పూ చేయని టచ్ ప్యానెల్ పక్కింటివాడి గొడవలో నలిగింది.

కార్డు తయారుచేసిన కంపెనీకి రాస్తే రెండు రోజుల్లో కొత్త డ్రైవర్ పంపారు. ఫిర్యాదు వరుస మాయమైంది. యంత్రం మాత్రం ఈసారి ఇంకా ఘోరంగా స్తంభించింది. ఎవరు ఎంత ప్రాసెసర్ వాడుతున్నారో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే 18వ ఇంటరప్ట్ థ్రెడ్ ఒక కోర్ మొత్తాన్ని తినేస్తోంది. కోడ్ తెరిచి చూశాను. వాళ్లు చేసిన మార్పల్లా హ్యాండ్లర్ చివర ‘నన్’ తీసేసి, అన్ని సందర్భాల్లోనూ ‘హ్యాండిల్డ్’ అని రాయడమే. కెర్నెల్‌కి అబద్ధం చెప్పారు. కెర్నెల్ దాన్ని నమ్మి లెక్కపెట్టడం మానేసింది. జబ్బు అలాగే ఉంది, జ్వరం చూసే దారి మూసుకుపోయింది. ఇంకొకరు ‘ఐఆర్‌క్యూపోల్’ అన్న బూట్ ఆప్షన్ పెట్టమన్నారు. ఎవరూ ఒప్పుకోని ఇంటరప్ట్ వస్తే అన్ని లైన్ల డ్రైవర్లనూ పిలిచి చూసే ఆప్షన్ అది. ఒక కెర్నెల్ క్రాష్ అయితే దాని మెమరీని దాచడానికి రెండో కెర్నెల్ లేచే కేడంప్ లాంటి చోట ఆ ఆప్షన్‌కి న్యాయమైన పని ఉంది. ఎందుకంటే అక్కడ పాత కెర్నెల్ వదిలేసిన కార్డులు లైన్లు పట్టుకుని ఉంటాయి. రోజూ నడిచే యంత్రంలో దాన్ని శాశ్వతంగా పెట్టడాన్ని నేను ఒప్పుకోలేదు. అప్పటికి నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆరు నెలల ఆ గడువులో ఉద్యోగం తీసేయడం తేలిక, ఉద్యోగం పోతే వీసా గురించి ఆలోచించాలి. అయినా మీటింగ్‌లో ‘ఇది పరిష్కారం కాదు’ అన్నాను. మా మేనేజర్ ‘అయితే ఎందుకో చూపించు’ అన్నాడు. అంతే. నా గొంతు వణికిందేమో గానీ ఆయన గొంతులో కోపం లేదు.

రాత్రి పదింటి దాకా అయినా కూర్చుని తేల్చేస్తానన్నాను. ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. ఇక్కడి చట్టం ప్రకారం రోజుకు పది గంటలు మించి పనిచేయకూడదు, ఒకరోజు పనికీ మరునాటి పనికీ మధ్య 11 గంటల విరామం ఉండాలి. హైదరాబాద్‌లో రిలీజ్ ముందు రాత్రుళ్లు ఆఫీసులోనే తెల్లవార్చిన నాకు, యంత్రం ఆగి ఉండగా హోటల్‌కి వెళ్లి పడుకోవడం మొదట్లో మింగుడుపడలేదు. కానీ ఆ నియమం వల్లే పని పద్ధతి మారింది. నేను లేనప్పుడు కూడా యంత్రమే సాక్ష్యం చెప్పేలా ఏర్పాటు చేయాలి. కెర్నెల్ తన లోపలి లెక్కలను ఫైళ్లలా చూపే ప్రోక్ ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఇంటరప్ట్ కిందా ‘స్పూరియస్’ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది. ఈ లక్ష లెక్కలో ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయి, ఎన్నిటిని ఎవరూ ఒప్పుకోలేదు, చివరిసారి ఎప్పుడు అన్నది అందులో దొరుకుతుంది. ‘నన్’ని తిరిగి దాని చోట పెట్టి, ఆ ఫైల్‌నీ కార్డు రిజిస్టర్లనీ సెకనుకోసారి రాసిపెట్టే స్క్రిప్టు వదిలి వెళ్లాను.

పొద్దున చూస్తే రెండు వేరువేరు సంగతులు బయటపడ్డాయి. మామూలు సమయంలోనే దాదాపు సగం ఇంటరప్టులు ఎవరివీ కావు. ఇది పాత కథే. హ్యాండ్లర్ కార్డుకి ‘అందింది’ అని రాస్తుంది. ఆ రాత వెంటనే కార్డుకి చేరదు, మధ్యలో ప్రాసెసర్‌నీ కార్డునీ కలిపే బ్రిడ్జ్ దగ్గర ఆగుతుంది. హ్యాండ్లర్ పని ముగించి వెళ్లిపోతుంది, లైన్ ఇంకా కిందే ఉంటుంది, మళ్లీ ఇంటరప్ట్ వస్తుంది. రెండోసారి స్టేటస్ చదివేసరికి ఆ చదవడమే ఆగిన రాతను ముందుకు తోస్తుంది కాబట్టి అక్కడ ఏమీ కనబడదు. రాసిన వెంటనే అదే కార్డు నుంచి ఒక రిజిస్టర్ చదివితే ఇది పోతుంది. ఓమ్యాప్ చిప్‌ల కోడ్‌లో ఇలాంటి సందర్భానికే ‘ఫలానా ఇంటరప్ట్‌కి పోస్టెడ్ రైట్‌ని (మధ్యలో ఆగిన రాతను) ఫ్లష్ చేయండి’ అని నేరుగా చెప్పే సందేశం పెట్టినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. అయితే సగం వృథా పోతే లైన్ మూసుకుపోదు. దానికి లక్షకి 99,900 దాటాలి. కాబట్టి మూతపడటానికి కారణం వేరే ఉండాలి.

అది రిజిస్టర్ల రాతలో ఉంది. పెద్ద రంపం మోటారు మొదలైనప్పుడల్లా కాన్ ఎర్రర్ కౌంటర్ పెరుగుతోంది. పంపడంలో ఒక్కో తప్పుకి ఎనిమిది చొప్పున పెరుగుతుంది, సరిగ్గా వెళ్లిన సందేశానికి ఒకటి తగ్గుతుంది. అది 96 చేరితే హెచ్చరిక. సరిగ్గా ఆ క్షణాన స్టేటస్‌లో డ్రైవర్‌కి తెలియని ఒక బిట్ లేస్తోంది. కార్డు లైన్ పట్టుకుంటుంది, డ్రైవర్ తనకు తెలిసిన బిట్లలో వెతికి ‘నాది కాదు’ అంటుంది, యూఎస్‌బీ కూడా ‘నాది కాదు’ అంటుంది. ఇద్దరూ తమకు తెలిసినంతలో నిజమే చెప్పారు.

ఆ డ్రైవర్‌ని చూసుకునే బృందం హైదరాబాద్‌లో ఉందని అప్పుడే తెలిసింది. ఆ మార్పు రాసిన అబ్బాయితో కాల్‌లో ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాం. నా యాస విన్నాడో, నేనే అతని యాస పట్టానో, కాసేపటికి తెలుగులోకి వచ్చేశాం.

‘ఆ హ్యాండిల్డ్ మార్పు ఎందుకు చేశావు తమ్ముడూ?’ అని అడిగాను.

‘అన్నా, టికెట్‌లో మెసేజ్ రాకూడదని రాశారు. ఆ కొత్త కార్డు నేను కంటితో కూడా చూడలేదు. నా దగ్గరున్న రిజిస్టర్ డాక్యుమెంట్ పాత రివిజన్‌ది’ అన్నాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. కార్డులోని ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మళ్లీ మార్చుకోగల చిప్) కొత్త రివిజన్‌లో హెచ్చరిక బిట్ చేర్చి, దాన్ని రీసెట్‌లోనే ఆన్ చేసి పెట్టింది కార్డు కంపెనీకి ఇక్కడున్న హార్డ్‌వేర్ బృందం. ఆ కాగితం ఇక్కడే ఉండిపోయింది. యంత్రం దగ్గర నిలబడే అవకాశం ఉన్నవాడిది కోడ్ కాదు, కోడ్ రాసేవాడి దగ్గర కార్డు లేదు. నేనూ కొన్నేళ్లు ఆ రెండో కుర్చీలో కూర్చున్నవాణ్ణే. ‘మెసేజ్ రాకూడదు’ అని టికెట్ రాసినవాళ్లే ఈ తప్పులో పెద్ద వాటాదారులని ఇప్పటికీ అంటాను.

డ్రైవర్‌ని ఇద్దరం కలిసి సరిచేశాం. మొదటగా, డ్రైవర్ కార్డుని మొదటిసారి పలకరించే ప్రోబ్‌లో, ఏ ఇంటరప్టులు రావచ్చో చెప్పే ఇంటరప్ట్ ఎనేబుల్ రిజిస్టర్ మొత్తాన్ని సున్నా చేసి, తర్వాత మాకు తెలిసిన బిట్లు మాత్రమే ఆన్ చేశాం. పాత కోడ్ ఉన్న విలువను చదివి దానికి తన బిట్లు కలిపి రాసేది, అందుకే తెలియని బిట్ బతికిపోయింది. హెచ్చరిక బిట్‌కి సరైన హ్యాండ్లర్ రాశాం, రంపం దగ్గర కేబుల్ షీల్డింగ్ చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పడానికి అదే ఆధారమైంది. స్టేటస్ అన్నీ ఒకట్లుగా వస్తే కార్డు బస్ మీద లేదని అర్థం కాబట్టి, వాటిని నిజమైన బిట్లుగా తీసుకోకుండా ‘నన్’ అని వెనక్కి రావడం చేర్చాం. డ్రైవర్ తీసేసేటప్పుడు ముందు కార్డు నోరు కట్టి, ఆ రాత చేరిందని చదివి తేల్చుకుని, అప్పుడే హ్యాండ్లర్‌ని వదలాలి. చివరగా డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ ఆప్షన్‌తో కెర్నెల్ కట్టి పరీక్షించాం. అది హ్యాండ్లర్‌ని కావాలనే వేళగాని వేళ పిలుస్తుంది. షేర్డ్ లైన్ మీద డ్రైవర్ రాసే ప్రతి ఒక్కరూ దాన్ని ఆన్ చేయాలి. వీలైన చోట, తీగ బదులు సందేశంగా ఇంటరప్ట్ పంపే ఎంఎస్‌ఐకి మారితే లైన్ పంచుకునే బాధే ఉండదు. కానీ ఫ్యాక్టరీల్లో కార్డులు పదిహేనేళ్లు బతుకుతాయి, వాటి పక్కన ఎవరో ఒకరు నిలబడాలి.

మా మేనేజర్‌ని అడిగి, రిజిస్టర్ డాక్యుమెంట్ మారిన ప్రతిసారీ హైదరాబాద్ బృందానికి కూడా వెళ్లేలా కార్డు కంపెనీని ఒప్పించాను. తర్వాతి రివిజన్ డ్రాఫ్ట్ వెళ్లిన వారంలోనే ఆ అబ్బాయి నుంచి అందరికీ కలిపి ఒక మెయిల్ వచ్చింది. 14వ బిట్ రీసెట్‌లో ఎందుకు ఆన్ అయి ఉంది, దాన్ని ఏ హ్యాండ్లర్ చూసుకోవాలి అని అడిగాడు. హార్డ్‌వేర్ వాళ్లు బోర్డు ఫ్యాక్టరీకి వెళ్లకముందే దాన్ని ఆఫ్ చేశారు.