రెండు గడుల పుస్తకం

లెక్కలు రాయడం నా వృత్తి. అందుకేనేమో, కోర్టుకెళ్లిన మొదటి రోజే ఒక చిన్న పుస్తకం పెట్టాను. ఎడమ గడిలో ఎంతసేపు కూర్చున్నానో, కుడి గడిలో జడ్జిగారి ముందు నా కేసు ఎంతసేపు నడిచిందో. మొదటి పేజీలో ఎడమవైపు 3 గంటల 40 నిమిషాలు, కుడివైపు 1 నిమిషం. ఆ నిమిషం కూడా కాస్త ఉదారంగా వేసిందే.

కేసు చాలా చిన్నది. పక్కింటాయన ప్రహరీ పడగొట్టి కొత్తది కడుతూ అడుగున్నర మా వైపు జరిపాడు. మాటలతో తేలలేదు, టేపు పట్టి కొలిచినా తేలలేదు. దావా వేశాను.

ఆ మొదటి రోజు నా పేరు పిలవగానే పరుగున లోపలికెళ్లాను. మా లాయరుగారు లేరు. ఆయన జూనియర్ లేచి ఏదో అన్నాడు, జడ్జిగారు తల వంచుకునే ఏదో రాశారు, జూనియర్ ఫైలు మూసేశాడు. నేను ఇంకా తలుపు దగ్గరే ఉన్నాను. వరండాలో అతని వెనకాల పడ్డాను.

"ఏమైంది బాబూ?"

"వాయిదా అండీ."

"ఎందుకు? ఎప్పటికి?"

"సార్ వేరే కోర్టులో ఉన్నారు. డేట్ గుమాస్తాగారు చెప్తారు."

గుమాస్తాగారు ఫోన్ చేస్తానన్నారు. చెయ్యలేదు. నేనే చేశాను.

లాయర్ల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. ఒకే పొద్దున మూడు కోర్టుల్లో కేసులుంటే ఏది ముందు పిలుస్తారో ఎవరికీ తెలీదు. ఆయన మెట్లెక్కి దిగడం నేను కళ్లారా చూశాను. వాయిదా పడటం నాకు పెద్ద బాధ కాదు. నా కేసులో ఏం జరుగుతోందో ఆ గదిలో అందరికీ తెలిసి, నాకు ఒక్కదానికే తెలియకపోవడం బాధ. నా దగ్గరికొచ్చే వ్యాపారి "ఈ రూపాయి ఎక్కడికి పోయింది?" అంటే వేలు పెట్టి వరస చూపించాలి నేను. అక్కడ మాత్రం ఫీజు ఇచ్చేదీ నేనే, బతిమాలేదీ నేనే. ఒక ప్రశ్న అడగడానికి మెట్ల దగ్గర కాసుకుని నిలబడి, ఆయన మొహం చూసి, ఇవాళ వద్దులే అని వెనక్కొచ్చిన రోజులున్నాయి.

అసలు దెబ్బ క్రాస్ ఎగ్జామినేషన్ రోజు తగిలింది.

అవతలి లాయరు చాలా మర్యాదస్తుడు. "అమ్మా, గోడ మీ ఇంటికి ఏ వైపు?" అన్నాడు. పడమర అన్నాను. "మీ దావాలో తూర్పు అని ఉంది. దావా అబద్ధమా, మీరిప్పుడు చెప్పేది అబద్ధమా?" టైపులో తప్పు పడి ఉంటుందని చెప్పబోయాను. "అవునా కాదా, అది చెప్పండి చాలు." మా లాయరుగారి వైపు చూశాను. ఆయన ఫైల్లో ఏదో వెతుక్కుంటున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్న మనిషిని, బోను ఎక్కాక నాకే అనుమానమొచ్చింది, సూర్యుడు మా ఇంటికి ఎటు నుంచి వస్తాడా అని.

ఆ దావా కింద, ఇందులోవన్నీ నాకు తెలిసినంతలో నిజాలు అని నా సంతకం ఉంది. ఆ సంతకం ఎలా పెట్టానో చెప్తాను. ఆఫీసులో కాగితాలు కింది భాగం మాత్రమే కనిపించేలా మడిచి ఉంచారు. పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని గుమాస్తాగారు వేలు పెడుతుంటే నేను పెట్టుకుంటూ పోయాను. పైన ఏముందో ఎవరూ చదవలేదు, నేనూ అడగలేదు. ఇంగ్లిష్ చదవగలను గానీ, ఆ ఇంగ్లిష్ వేరు. ఒక్కో వాక్యం అర పేజీ.

బయటికొచ్చాక లాయరుగారు అన్నారు, "సంతకం పెట్టేముందు చూసుకోవాలి కదమ్మా." నిజమే. ఎవరో ఇచ్చిన బిల్లు చూడకుండా నేను ఖాతాలో ఎక్కించను. ఇంటికెళ్లి ఏడ్చింది అందుకే. ఆ ఒక్క మాట దిద్దడానికి పిటిషన్, దానికి అవతలివాళ్ల కౌంటరు, నాలుగు వాయిదాలు.

ఇక లాయరే వద్దు, నేనే వాదించుకుంటాను అనుకున్నాను. అలా వాదించుకోవచ్చు కూడా. సలహా కోసమని ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ ఐర్లండ్ కేసు ఒకటి చెప్పింది. జొహానా ఎయిరీ అనే ఆవిడ భర్త నుంచి చట్టప్రకారం విడిగా ఉండటానికి కోర్టుకు వెళ్లాలనుకుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. అలాంటి కేసులకి ప్రభుత్వ న్యాయసహాయమూ లేదు. ప్రభుత్వమేమో, కోర్టు తలుపు తెరిచే ఉంది, ఆవిడే వచ్చి వాదించుకోవచ్చుగా అంది. 1979లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, పనికొచ్చేలా ఉండాలంది. ఇంకో మాటా అంది: సొంత సంసారం గురించిన గొడవలో మనసు అంతగా చిక్కుకున్న మనిషి, వాదించడానికి కావలసినంత నిబ్బరంగా ఉండటం కష్టమని.

"మీకు గోడ పేరెత్తితేనే గొంతు వణుకుతోంది" అంది లాయరమ్మ. కేసు ఆవిడకే ఇచ్చాను. పాత లాయరుగారు అభ్యంతరం లేదని సంతకం పెట్టి, ఫైలు తిరిగిచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు, అది ఆయన పెద్దరికం.

ఈవిడ మొదటి రోజు చేసిన పని, దావా మొత్తం నాకు తెలుగులో చదివి వినిపించడం. నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఆపాను. ఒకచోట మా నాన్న పేరు తప్పు, ఇంకోచోట కొలత తప్పు. అప్పటికి దావా వేసి మూడేళ్లు. ప్రతి వాయిదా అయ్యాక వరండాలోనే నిలబడి, ఇవాళ ఇది జరిగింది, వచ్చేసారి ఇది జరుగుతుంది, మీరు రావాలి లేదా రానక్కర్లేదు అని చెప్పేది. గడియారం పెట్టి చూశాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "రానక్కర్లేదు" అని కూడా చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు పోగొట్టుకున్న పూటలన్నీ ఎడమ గడిలో ఉన్నాయి.

ఆఖరి వాదనల రోజు జడ్జిగారు నా వైపు చూసి, "గోడ కడుతున్నప్పుడు మీరు ఇంట్లోనే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నానండీ, పునాది తీస్తున్న రోజే వద్దని చెప్పానండీ అన్నాను. రాసుకున్నారు. అంతే.

తీర్పులో నాకు పూర్తిగా గెలుపు రాలేదు. కొంత స్థలం నాదన్నారు, గోడ మాత్రం పడగొట్టక్కర్లేదన్నారు, పరిహారం ఇమ్మన్నారు. నేను ఓడిపోయానని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. నాకెందుకో ఆ రాత్రి నిద్ర పట్టింది. తర్వాతెప్పుడో చదివాను, టామ్ టైలర్ అనే మనస్తత్వవేత్త షికాగోలో పోలీసులతో, కోర్టులతో పని పడినవాళ్లతో మాట్లాడితే, ఫలితం ఒక్కటే కాదు, తమ మాట విన్నారా, తమను మర్యాదగా చూశారా అన్నది వాళ్లకి చాలా ముఖ్యమని తేలిందట. మా తమ్ముడికి చెప్తే, "అలా అయితే అందరికీ మర్యాదిచ్చి పంపేస్తే సరి, న్యాయం దేనికి?" అన్నాడు. వాడన్నదీ కొట్టిపారేయలేను.

పుస్తకంలోని అంకెలన్నీ కూడి చూశాను. 31 వాయిదాలు. ఎడమవైపు 94 గంటలు. కుడివైపు 2 గంటల 10 నిమిషాలు, అందులో సగానికి పైగా ఆ క్రాసే. జడ్జిగారు నన్ను ప్రశ్న అడిగిన పేజీలో మాత్రం కుడి గడిలో నిమిషాలు వెయ్యలేదు. ప్రశ్న, నా జవాబు రాసి పెట్టుకున్నాను.