నా గ్రూప్-3 ప్రిపరేషన్: కుడి పక్క గీత

గ్రూప్-3 లిస్టులో నా హాల్ టికెట్ నంబర్ మూడుసార్లు చూసుకున్నా. ఉంది. బుక్‌లిస్ట్ అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా, మీ దగ్గరున్న పుస్తకాలే నా దగ్గరా ఉన్నాయి. నేను చెప్పాల్సింది దానికి ముందు, 2023 జులై 1న రాసిన గ్రూప్-4 గురించి.

నాకు పదేళ్లప్పుడు మెదడులో ఎడమవైపు రక్తనాళం చిట్లింది. పుట్టుకతోనే అక్కడ ధమనులు, సిరలు చిక్కుపడి ఉన్నాయట, ఏవీఎం అంటారు. ఆపరేషన్ తర్వాత కుడి చెయ్యి సరిగ్గా రాలేదు. ఎడమ చేత్తో అఆలు మళ్లీ దిద్దాను. రెండు కళ్లకూ కుడి పక్క చూపు పోయింది. రోడ్డు దాటేటప్పుడే దాంతో ఇబ్బంది అనుకునేవాణ్ణి.

గ్రూప్-4 రెండు పేపర్లూ బాగా రాశాననుకున్నా. కీ చూశాక నీరుగారిపోయా. తెలిసిన ప్రశ్నలే తప్పులు. వారం రోజులు తిండి సయించలేదు. చెల్లి నా బుక్‌లెట్ ముందేసుకుని కూర్చుంది. "అన్నా, ఇటు చూడు. నీ తప్పుల్లో ఎక్కువ వాటికి ఆన్సర్ 2, లేకుంటే 4." పొట్టి ఆప్షన్లు రెండేసి పక్కపక్కన వేస్తారు కదా, 2, 4 కుడివైపు పడతాయి. హడావిడిలో వాటిని చదవనే లేదు. "సరికానిది ఏది" అన్న మాట లైను చివర పడితే అదీ గోవిందా. చూపు లేని చోట నల్లగా ఏమీ కనిపించదు, అక్కడ అసలు ఏమీ లేదనిపిస్తుంది.

అప్పటి నుంచి ప్రతి పేజీకి కుడి అంచున నిలువు గీత. గీత కనిపించేదాకా తల తిప్పాలి. చెల్లి దానికి గట్టు అని పేరు పెట్టింది. మొదట్లో 150 ప్రశ్నలకు మూడు గంటలు దాటేది. నాలుగు నెలలకు 140 నిమిషాల్లోకి వచ్చింది.

మిగతాదంతా మామూలే. చిక్కడపల్లి లైబ్రరీ, ఎకానమీ రెండు రివిజన్లు, రోజూ ఎనిమిది గంటల నిద్ర. నిద్ర తగ్గితే నాకు ఫిట్స్ వస్తాయి. పదహారు గంటలు చదివామని స్టేటస్ పెట్టేవాళ్లను చూసి కుంగిపోకండి, బిళ్ళ టైముకు వేసుకోవడం కూడా డిసిప్లినే. "నీకేంటి, పీహెచ్ కోటా (వికలాంగుల రిజర్వేషన్) ఉంది" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ 4 శాతం కోటా 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. 450 మార్కుల పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. నేను స్క్రైబ్‌ను (మన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని) కూడా అడగలేదు, పొగరనుకోండి. మీకు అవసరమైతే అడగండి, నన్ను చూసి ఆగొద్దు.

2024 నవంబర్ 18, పేపర్-3. బుక్‌లెట్ తెరవమనగానే గీతలు మొదలుపెట్టా. ఇన్విజిలేటర్ మేడం నా దగ్గర ఆగారు.

"ఏంటి బాబూ, అప్పుడే రఫ్ వర్కా?"

"గట్టు వేసుకుంటున్నా మేడం."