చిన్న జాగాకి పూలచెట్లు ఎంచుకోవడం – నా అనుభవం

ఇంటి పక్కన ఓ 15 అడుగుల వెడల్పు జాగా ఉంది, అందులో పూలచెట్టు వేయాలని ఎప్పట్నుంచో కోరిక. మనసంతా తురాయి మీదే. ఎండాకాలంలో అది విరగబూస్తే దాని ముందు ఇంకేదీ ఆనదు కదా. కానీ మొక్క తెచ్చేముందు జాగా మొత్తం కాగితం మీద గీసుకుని గోడ ఎక్కడ, సంపు ఎక్కడ, డ్రైనేజీ పైపు ఎటు పోతోంది, పైన కరెంటు వైర్లు ఎటున్నాయి అన్నీ గుర్తులు పెట్టుకున్నా, ఎండ ఏ పూట ఎక్కడ పడుతుందో కూడా రాసుకున్నా. ఇక ఒక్కో చెట్టూ నిండుగా పెరిగాక కొమ్మలు ఎంత దూరం పోతాయో కనుక్కుని ఆ కొలతకి సున్నా చుట్టి చూడడమే.

తురాయి అక్కడే పోయింది. 30 అడుగులు దాటి పక్కలకి పరుచుకుంటుంది, వేళ్లు పైపైనే పాకి గచ్చుని లేపేస్తాయి. రేల కూడా అంతే, పసుపు గుత్తులు ఎంత ముద్దుగా ఉన్నా పెద్ద చెట్టే. ఆకాశమల్లి నిటారుగా పోతుంది కాబట్టి సరిపోతుందనుకుంటారు చాలామంది, కానీ కొయ్య పెళుసు, గాలివానకి కొమ్మలు విరిగి పడతాయి, వేళ్లనుంచి పిలకలు కూడా లేస్తాయి. సంపంగి దగ్గర మాత్రం చాలా ఊగిసలాడా. అంటు మొక్కయితే తొందరగా పూస్తుంది, మరీ ఎత్తు పోదు. కానీ ఏడాదంతా దట్టంగా ఆకుంటుంది, చలికాలం కిటికీలోకి ఎండ రానివ్వదు.

ఆ ఎండ గురించి ఆలోచిస్తుంటేనే దేవగన్నేరు తట్టింది. చలికి ఆకు రాల్చేస్తుంది, ఎండ లోపలికొస్తుంది. మోడులా ఉంటుందని కొందరికి నచ్చదు గానీ నాకు ఆ కొమ్మల ఒంపులే అందం. నెమ్మదిగా పెరుగుతుంది, వేళ్లతో గోడకి పెద్దగా బాధ లేదు. గింజ మొక్కయితే పూల రంగు మారొచ్చు, కొమ్మ నాటితే తల్లిచెట్టు పూలే వస్తాయి, అందుకే పూసిన చెట్టు చూసి కొమ్మ తీసుకున్నా. కోసిన చోట పాలు కారి పూర్తిగా ఆరేదాకా నీడలో ఉంచి అప్పుడు నాటాలి, లేకపోతే కుళ్లిపోతుంది. ఆ పాలు చర్మానికి మంట, పిల్లలుంటే కాస్త చూసుకోండి.

రెండోది పారిజాతం. దేవగన్నేరు ఎండల్లో, వానల్లో పూస్తే ఇది వానాకాలం చివర్నుంచి చలి ముదిరేదాకా పూస్తుంది, రాత్రిపూట విచ్చుకుంటుంది కాబట్టి పడకగది కిటికీ వైపే పెట్టా. పూత అయిపోయాక ఏటా కత్తిరిస్తే చేతికందే ఎత్తులో గుబురుగా ఉంటుంది. తెల్ల కాంచనం కూడా చిన్న చెట్టే, మూడోదిగా అదీ పట్టేలా ఉంది గానీ అక్కడ నడవడానికి దారి కావాలి, వదిలేశా.