చెయ్యెత్తి చూడమ్మా

పొద్దున్నే అమ్మనీ చెల్లినీ తీసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. నరసాపురంలో చెల్లి పెళ్లి జాకెట్టు ట్రయల్. పెళ్లి ఇంకా పన్నెండు రోజులే. గోదావరి దాటినంతసేపూ అది ఫోనులో వెనక మెడల ఫొటోలే చూస్తూ కూర్చుంది.

ఈ మెడ గురించి ఇంట్లో నెల రోజులుగా చర్చ. వెనక బాగా లోతు పెట్టి, మగ్గం వర్కుతో రెండు నెమళ్లు వేయించుకుంటానంది. పూలజడ వేశాక ఆ నెమళ్లు ఎవరికి కనిపిస్తాయే అన్నాను. నా పెళ్లికి అంత లోతు మెడే కుట్టించుకున్నాను. తాళ్లు బిగించి కట్టినా భుజం జారుతూనే ఉంది. తలంబ్రాల ఫొటోలన్నిట్లో నా ఎడమ చెయ్యి భుజం మీదే ఉంటుంది. వాటిని చూస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఏడంగుళాలకు మించి దించనివ్వలేదు. ముందు మెడకి బోట్ నెక్ అడిగింది. అది అమ్మకి నచ్చలేదు. మెడ అంతా కప్పేస్తే నెక్లెసు వర్కు మీద పడి పూసలకు తగులుకుంటుంది, నల్లపూసలు కూడా నిండుగా కనపడవు అంది. ఆ మాట నిజమే. చివరికి యు నెక్ దగ్గర ముగ్గురం ఒప్పుకున్నాం.

చేతుల గురించి మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. మోచేతి దాకా పెట్టి, అంచంతా జరీ, పూసలు వేయిస్తే సరిపోతుందనుకున్నాం.

జాకెట్టు వేసుకోగానే అద్దంలో ఎంత ముద్దుగా ఉందో! టైలరు పిన్నిగారు వెనక్కి జరిగి, "ఒకసారి చెయ్యెత్తి చూడమ్మా" అన్నారు. భుజం ఎత్తు దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇంకా ఎత్తబోతే జాకెట్టు మొత్తం పైకి లేచింది, మోచేతి దగ్గర అంచు చర్మంలోకి దిగింది. నాకు గుండె జల్లుమంది. తెర మీదుగా చెయ్యి చాపి అబ్బాయి తల మీద జీలకర్ర బెల్లం పెట్టాలి, పెట్టాక కాసేపు అలాగే ఉంచాలి. ఈ చేతులతో ఎలా?

చంక ఇంకొంచెం దించితే పోతుంది కదా అన్నాను. పిన్నిగారు తల అడ్డంగా ఊపారు. చంక దిగేకొద్దీ చెయ్యి జాకెట్టుకి అతుక్కుపోతుందట. చెయ్యెత్తితే నడుం దగ్గరి గుడ్డ కూడా దాంతో పాటే లేస్తుందట. చంక పైకే ఉండాలి, చేతికి మాత్రం వదులు కావాలి అన్నారు. ఇన్నేళ్లూ నేను టైలర్లకి చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు. మోచేతి కొలత చెయ్యి చాపి తీసుకున్నాననీ, మడిచి తీసుకోవాల్సిందనీ ఆవిడే ఒప్పుకున్నారు. చాపితే పదంగుళాలు, మడిస్తే పదకొండు.

వర్కు చంక దాకా రాకపోవడం మా అదృష్టం. పూసల మీంచి మిషను నడవదు. ఆవిడ చంక కుట్టు విప్పి, మిగిలిన పట్టు ముక్కలోంచి రెండు వేళ్ల వెడల్పున గాలిపటం ఆకారంలో కత్తిరించి అక్కడ అతికారు. చేతి లోపలి కుట్టు విప్పి రెండు పక్కలా అరంగుళం చొప్పున వదిలారు. గంటన్నర పట్టింది. రెండోసారి వేసుకున్నాక, "మీ అక్క తల మీద చెయ్యి పెట్టు, నేను చెప్పేదాకా తియ్యకు" అన్నారు. చెల్లి పెట్టింది. ఈసారి ఎక్కడా పట్టలేదు. దాని అరచెయ్యి వెచ్చగా నా నడినెత్తి మీద ఉంటే, ఇంకో పన్నెండు రోజుల్లో ఇది వెళ్లిపోతుందని అప్పుడు తెలిసొచ్చింది నాకు. అమ్మ ఫ్యాను వైపు తిరిగి నిలబడింది.

మధ్యాహ్నం భోజనం అమ్మమ్మ ఇంట్లో. మధుపర్కాల మీదకి వేసుకునే తెల్ల జాకెట్టు చేతులకి తనే లేసు అల్లుతోంది. నరసాపురం లేసుకి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని మావయ్య పేపరు చదివి వినిపిస్తే, పదేళ్లప్పుడు పట్టిన సూది ఇది అని మాత్రం అంది. కొక్కెం సూది, తెల్ల దారం, ఒళ్లో పాత తువ్వాలు. పువ్వుకి ఆరు రేకులు, రేకు రేకుకీ మధ్య గొలుసు కుట్లు నాలుగు. అంత సన్నటి దారాన్ని చూడకుండానే వేలితో తడిమి లెక్క పెట్టుకుంటుంది.

కొత్త కొలత చెప్పాను. రెండు చేతులకీ కలిపి ఇరవై రెండు అంగుళాలు, కుట్టుకి మరో రెండు. అమ్మమ్మ అల్లిన ముక్కని టేపు మీద పరిచింది. పదిహేను అయింది.

"తొమ్మిదేగా" అని మళ్లీ సూది అందుకుంది.