తలసరి గ్రాంటులో తెలుగు సెక్షను బతకాలంటే

ఎంతమంది పిల్లలుంటే బడికి అంత డబ్బు. తలసరి గ్రాంటు అంటే ఇంతే, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగులో పాఠాలు చెప్పే సెక్షన్లు ఉన్నచోట ఈ మాటకు వెంటనే తలూపకూడదు. మన పిల్లల సంఖ్య ఎప్పుడూ తక్కువే.

కమ్యూనిస్టు పాలన పోయి మార్కెట్ బాట పట్టిన దేశాలు ఈ పద్ధతిని ముందే వాడి చూశాయి. అంతకుముందు అక్కడ డబ్బు పోస్టులను, తరగతులను బట్టి వచ్చేది. పిల్లలు తగ్గినా ఖర్చు తగ్గేది కాదు. ఖజానాకు కటకట రావడంతో తలల లెక్క మొదలైంది. పోలండ్ బళ్లను స్థానిక సంస్థలకు అప్పగించి, తలసరి సొమ్ము వాటికే పంపింది. పల్లె పిల్లవాడికి మూడో వంతుకు పైగా ఎక్కువ కట్టింది. జార్జియా 2005 చట్టంతో ఒక్కో పిల్లవాడి పేరున లెక్కకట్టిన వోచరు సొమ్మును నేరుగా బడికే ఇచ్చింది: గుణకం పట్నంలో 1 అయితే పల్లెలో 1.5, కొండల్లో 1.8. ఆర్మేనియా ప్రతి బడికీ ముందు ఒక స్థిర మొత్తం కేటాయించి, దాని మీద తలసరి కలిపింది.

ఏది పనికొస్తుందో అంకెలు వేసి చూద్దాం. టీచరు జీతం ఏడాదికి 6 లక్షలు అనుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. 120 మంది ఉన్న పట్నం బడికి జీతాలు 24 లక్షలు, తలకు 20,000. అదే రేటు 24 మంది ఉన్న కొండ బడికి ఇస్తే వచ్చేది 4.8 లక్షలు. ఒక్క టీచరు జీతానికీ చాలదు. జార్జియా లాగా 1.8తో హెచ్చవేసినా 8.64 లక్షలే, కావలసింది 12 లక్షలు. తలలే తక్కువైనప్పుడు గుణకం కొంత పెంచినంత మాత్రాన గండం గట్టెక్కదు. జార్జియా కూడా చిన్న బళ్లకు విడిగా అదనపు నిధులు ఇవ్వక తప్పలేదు. అదే 7.2 లక్షల స్థిర మొత్తం పెట్టి, దాని మీద తలకు 20,000 చొప్పున ఇస్తే సరిగ్గా 12 లక్షలు అవుతుంది. కాబట్టి మనం అడగాల్సింది ఆర్మేనియా పద్ధతి.

మన దగ్గర జీతాలు పోస్టుల లెక్కనే వస్తున్నాయి గానీ, సమగ్ర శిక్షా పథకం కింద బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు తలల లెక్కే. 30 మంది వరకు 10,000 రూపాయలు, 31వ పిల్లవాడు చేరితే 25,000. ఒక్క పేరుకు 15,000 తేడా ఉంటే రిజిస్టరులో దొంగ పేర్లు పడతాయి. తప్పు హెడ్మాస్టరుది మాత్రమే కాదు, మెట్లు అలా కట్టినవాళ్లది కూడా. మెట్లు తీసేసి తలకింత అని వాలుగా పెంచితే ఆ ఆశ ఉండదు.

లెక్కపెట్టే తేదీ కూడా అంతే ముఖ్యం. కోతలయ్యాక ఇటుక బట్టీలకు వలసపోయే కుటుంబాల పిల్లలు సెప్టెంబరులో బడిలో ఉంటారు, జనవరిలో ఉండరు. ఒక్క జనవరి లెక్కనే పట్టుకుంటే, వాళ్లు తిరిగొచ్చేసరికి టీచరు పోస్టు ఉండదు. రెండుసార్లు లెక్కపెట్టి, ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక హద్దు పెట్టింది: బడి మొత్తంలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది రాష్ట్ర భాష కాక వేరే భాష మాట్లాడే పిల్లలుంటే మాతృభాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటుంది. కానీ ఒడియా బడిలోనే తెలుగు సెక్షను ఉంటే తలసరి లెక్క బడి మొత్తానికి వేస్తారు. 200 మంది ఒడియా పిల్లల పక్కన 35 మంది తెలుగు పిల్లలుంటే మొత్తం 235 అవుతుంది. తెలుగు టీచరు రిటైరైతే ఆ ఖాళీ లెక్కలో ఎక్కడా కనబడదు. అందుకే సెక్షనును విడి యూనిట్‌గా లెక్కించి, స్థిర మొత్తం దానికీ ఇవ్వాలి.

ఫార్ములా మారేలోపు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ చేయగల పని ఒకటుంది. బళ్ల వివరాలు నమోదు చేసే కేంద్ర పోర్టల్ యూడైస్ ప్లస్‌లో బోధనా మాధ్యమం దగ్గర ఒడియాతో పాటు తెలుగు కూడా నమోదైందా, తెలుగు పిల్లలందరినీ తెలుగు కిందే చూపారా అన్నది రిజిస్టరు పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూడండి. తేడా ఉంటే రాతపూర్వకంగా బ్లాక్ విద్యాధికారికి ఇచ్చి, రసీదు తీసుకోండి.