మా అమ్మమ్మ, లెక్కల టీచరు

మా అమ్మమ్మ లెక్కల టీచరు. చివరి ఏళ్లలో డిమెన్షియా వచ్చింది. పొద్దున ఏమి తిన్నదో గుర్తుండేది కాదు, నా పేరూ తట్టేది కాదు. కానీ లెక్కలు చేసిన కాగితం, ఎర్ర పెన్ను చేతికిస్తే చాలు, తప్పు కూడిక దగ్గర సరిగ్గా ఆగేది. దానికి సున్నా చుట్టి, పక్కన జవాబు వేసి, "మళ్లీ చెయ్యి" అనేది. అంకెలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉండేవి.

డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బులో సాధారణంగా మెదడులోని హిప్పోకాంపస్ ముందుగా దెబ్బతింటుందట. కొత్త సంగతులు నిలవడానికి అదే ఆధారం. అందుకే నిన్నటిది చెదిరిపోతుంది, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని చాలాకాలం మిగులుతుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు వివరించిన ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. "వయసు మీద పడితే మతిమరుపు మామూలే" అని తీసిపారేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"ఇందాకే చెప్పాను కదా" అనే మాట ఇంట్లో అందరం మానేశాం. బడికి ఆలస్యమవుతోందని ఆమె కంగారుపడితే "ఈరోజు సెలవు, టీచర్" అనేవాళ్లం. (అబద్ధమే, కానీ పనిచేసేది అదొక్కటే.) వెంటనే ముఖం విప్పారేది. సెలవంటే ఏ టీచరుకైనా సంతోషమే కదా!

పాత విద్యార్థులు చూడటానికి వచ్చేవారు. ఎవరినీ గుర్తుపట్టేది కాదు, అయినా అందరినీ ఎక్కాలు అడిగేది. తల నెరిసిన పెద్దమనుషులు చేతులు కట్టుకుని పదమూడో ఎక్కం అప్పజెప్పేవారు. పదమూడు ఎనిమిదుల దగ్గర చాలామంది తడబడ్డారు. ఆవిడ తడబడలేదు.