మార్చి 21: లియో ఫెండర్ వర్ధంతి, గిటారు విప్పే రోజు

ఎలక్ట్రిక్ గిటార్లు తయారు చేసిన అమెరికన్ లియో ఫెండర్ 1991 మార్చి 21న పోయారు. ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు ఆర్కెస్ట్రాల్లో లీడ్ వాయించేవాళ్ల భుజాన వేలాడే గిటారు మీద ఏ కంపెనీ పేరున్నా, ఆకారం మాత్రం చాలావరకు ఆయన షాపులో పుట్టిందే. రెండు కొమ్ములు, మూడు పికప్‌లు (తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కలు), కేబుల్ దూర్చే పడవలాంటి జాక్ గుంట, ఒకే వైపు వరసగా శ్రుతి చేసే ఆరు కీలు. బేస్ గిటారు సంగతీ అంతే.

వర్ధంతి రోజున ఫొటోకి దండ వేస్తే వేయండి. కానీ ఆయన్ని సరిగ్గా తలచుకోవాలంటే గిటారు విప్పాలి. తారీకు కూడా కలిసొచ్చింది. మార్చి 21కి అటూ ఇటూగా ఉగాది, వెనకాలే శ్రీరామనవమి పందిళ్లు, చైత్రంలో అమ్మవారి జాతర్లు. అప్పుడు స్టేజీ మీద తీగ తెగితే చూసుకునే తీరిక ఉండదు.

ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. చదివింది అకౌంట్లు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో రేడియో రిపేరు షాపు పెట్టారు. పాటగాళ్ల కోసం ఆంప్లిఫయర్లు, మైక్ సెట్లు తయారు చేసి అమ్మేవారు, అద్దెకిచ్చేవారు. మన బజార్లో మైక్ సెట్ షాపు ఎలా ఉంటుందో అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషన్నమాట. రిపేరు చేసేవాడు ఏ వస్తువు చూసినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది పాడైతే ఎక్కడ విప్పాలి? ఆయన గిటార్లన్నీ ఆ ప్రశ్నకి జవాబులే.

అప్పటిదాకా చాలా గిటార్లకి నెక్‌ని, అంటే తీగలు నొక్కే పొడుగు చెక్కని, బాడీకి జిగురుతో అతికించేవారు. మనకి దగ్గర్లోనే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఇంకో పద్ధతి ఉంది: పనస చెట్టు మొద్దు ఒక్కటే తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అందులో అతుకు లేకపోవడమే గొప్ప. ఫెండర్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. నెక్ వేరు, బాడీ వేరు, మధ్య నాలుగు స్క్రూలు. నెక్ వంగిపోయినా, దాని మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లు అరిగిపోయినా స్క్రూలు విప్పి ఇంకో నెక్ బిగించుకోవచ్చు. 1950లో ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ అని వచ్చిన గిటార్లు ఇవే. గ్రెచ్ కంపెనీ డ్రమ్ములకి అలాంటి పేరే ఉందని అభ్యంతరం రావడంతో 1951లో బ్రాడ్‌కాస్టర్ కాస్తా టెలీకాస్టర్ అయింది. అదే ఏడు ప్రెసిషన్ బేస్ వచ్చింది. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌లో ఫ్రెట్లుండవు, శ్రుతి చెవితో వెతుక్కోవాలి. దీనికి ఫ్రెట్లు పెట్టారు కనక స్వరం కచ్చితంగా పలుకుతుంది, ప్రెసిషన్ అన్న పేరు అందుకే. 1954లో స్ట్రాటోకాస్టర్. టెలీకాస్టర్ అంచులు ఒంటికి ఒత్తుకుంటున్నాయని వాయించేవాళ్లు చెబితే, వెనక పొట్ట దగ్గరా ముందు మోచెయ్యి దగ్గరా చెక్క చెక్కేశారు. తను వాయించలేరు కాబట్టి వాయించేవాళ్ల ఫిర్యాదే ఆయనకి కొలబద్ద. 1965లో కంపెనీని అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కి 1.3 కోట్ల డాలర్లకి అమ్మేశాక కూడా ఆగలేదు. మ్యూజిక్ మ్యాన్, తర్వాత జి అండ్ ఎల్ కంపెనీలంటూ పార్కిన్సన్స్ జబ్బులోనూ పనిబల్ల దగ్గరే గడిపారు.

ఇక విప్పుదాం. స్ట్రాట్, అంటే స్ట్రాటోకాస్టర్ రకం గిటారుకి చెబుతున్నాను, మన వైపు ఎక్కువ కనిపించేది అదే.

తీగలన్నీ ఒక్కసారి తీసేయకండి. వెనక గుంటలో స్ప్రింగులు బ్రిడ్జిని (బాడీ మీద తీగలు ఆనే లోహపు పలకని) లోపలికి లాగుతుంటాయి, పైన తీగలు ఎదురు లాగుతుంటాయి. ఆ తూకం పోతే బ్రిడ్జి ఒరిగిపోయి, కొత్త తీగలు వేశాక శ్రుతి నిలవడానికి గంట పడుతుంది. ఒకటి తీసి ఒకటి వేయండి. ఫ్రెట్‌బోర్డు తుడవడానికి అన్నీ తీయాల్సి వస్తే బ్రిడ్జి వెనక భాగం కింద మడత పెట్టిన అట్టముక్క దూర్చండి. తీగని కీ దాటించి ఇంకో రెండున్నర కీల దూరం దగ్గర కత్తిరిస్తే రెండు మూడు చుట్లు వస్తాయి. అంతకన్నా ఎక్కువ చుట్లుంటే తీగని వేలితో పక్కకి లాగి బెండ్ చేసినప్పుడల్లా అవి సర్దుకుని శ్రుతి దిగిపోతుంది. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లుతో రెండుసార్లు రాయండి. ట్యూన్ చేస్తుంటే టిక్కుమని చప్పుడొచ్చి శ్రుతి గెంతుతోందంటే తీగ ఆ గాడిలో పట్టేస్తోందని అర్థం.

తర్వాత నెక్. మన వాతావరణంలో ఎక్కువ తంటా తెచ్చేది ఇదే. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుంటుంది, మామూలుగా నెక్ ముందుకు వంగి తీగలు ఎత్తవుతాయి. ఎండలు ముదిరాక చెక్క ఆరిపోయి నెక్ వెనక్కి సర్దుకుంటుంది, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ గరగరలాడుతుంది. ఎండకి ఫ్రెట్‌బోర్డు వెడల్పు కూడా కాస్త తగ్గుతుంది, లోహపు ఫ్రెట్టు తగ్గదు. అందుకే ఏప్రిల్‌లో నెక్ అంచు మీద చెయ్యి జారిస్తే ఫ్రెట్ల కొసలు గీరుకుంటాయి. అది తయారీ లోపం అనుకుని గట్టిగా ఆకురాయి పట్టేసేవాళ్లున్నారు. పట్టాలంటే కొసలు మాత్రమే, అదీ సన్నటి ఆకురాయితో, పక్కన చెక్కకి టేపు అంటించి.

వంపు కొలవడం తేలిక. తీగలు శ్రుతిలో ఉండాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఇప్పుడు 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య సందు 0.25 మి.మీ. ఉండాలి. బైక్ మెకానిక్ దగ్గర ఫీలర్ గేజి ఉంటుంది. అది దొరక్కపోయినా పర్లేదు: 10 నంబరు సెట్‌లో సన్నటి తీగ మందం 0.010 అంగుళం, అంటే ఇంచుమించు 0.25 మి.మీ. కొత్త తీగ కత్తిరించగా మిగిలిన ముక్కే మీ గేజి. అది సందులో వదులుగా ఊగుతుంటే నెక్ లోపలుండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌ని కుడివైపు తిప్పి బిగించాలి. అసలు దూరకపోతే ఎడమవైపు వదలాలి. ఒక్కసారికి పావు తిప్పు మించకూడదు. బిగించే ముందు తీగలు కొంచెం వదులు చెయ్యండి. అలెన్ కీ గాడిలో బిర్రుగా కూర్చోవాలి. కొంచెం చిన్నది పెట్టి తిప్పితే రాడ్ నట్ లోపలి అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత నెక్ మార్చడమే మిగులుతుంది.

తీగల ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర చూడండి. అడ్డంగా 9.5 అంగుళాల వ్యాసార్థపు వంపున్న ఫ్రెట్‌బోర్డుకి 1.6 మి.మీ. చాలు. పాత కొలతలో 7.25 అంగుళాల వంపున్నవాటికి లావు తీగ వైపు 2 మి.మీ. కావాలి. ఆ పాత వంపు కార్డులు పట్టడానికి హాయిగానే ఉంటుంది కానీ, తీగలు మరీ దించితే 12వ ఫ్రెట్ పైన సన్న తీగ బెండ్ చేసినప్పుడు పక్క ఫ్రెట్ల గుబ్బకి తగిలి స్వరం చచ్చిపోతుంది. అది వేళ్ల తప్పు కాదు.

శ్రుతి విషయంలో నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవుకి ఆయన లెక్క 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి అందులో సగం, 324. 12వ ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా వేలితో తాకి హార్మోనిక్ వాయించండి, అదే ఫ్రెట్‌లో నొక్కి వాయించండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకి. పాత తీగల మీద ఈ పని చెయ్యడం దండగ. చెమట పట్టి అక్కడక్కడ తుప్పెక్కిన తీగ బరువు అంతటా ఒకేలా ఉండదు, ఏ శాడిలూ దాన్ని సరిచేయలేదు. గోపాలపూర్ సముద్రగాలి తగిలే బరంపురంలో తీగలు రాయగడ కన్నా ముందే పోతాయి. ప్రోగ్రాం అవ్వగానే పొడి గుడ్డతో ఒక్కో తీగని కింద కూడా తుడవండి.

కొత్త తీగలేసినా లావు తీగ మీద 12 పైన స్వరం రెండుగా చీలి వణుకుతోందా? అప్పుడు శాడిల్ ముట్టుకోవద్దు, పికప్ దించండి. పికప్ లోపలి అయస్కాంతాలు దగ్గరగా ఉంటే ఊగే తీగని లాగేస్తాయి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి చూస్తే లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. సందు ఉంటే సరిపోతుంది. సౌండ్ పెంచుకోవాలని పికప్ ఎత్తేయడం మనవాళ్లలో బాగా ఉన్న అలవాటు. సౌండ్ ఆంప్‌లో పెంచుకోవచ్చు, శ్రుతి అక్కడ తెచ్చుకోలేం.

ట్రెమొలో బ్రిడ్జి, అంటే ఆర్మ్‌తో కదిపి స్వరాన్ని ఊపే బ్రిడ్జి గురించి ఒక మాట మొహమాటం లేకుండా చెబుతాను. ఫెండర్ లెక్కలో బ్రిడ్జి వెనక అంచు బాడీ నుంచి 3.2 మి.మీ. పైకి తేలాలి. ఇంట్లో, స్టూడియోలో అది అద్భుతం. పందిట్లో రాత్రంతా వాయించే ఆర్కెస్ట్రాకి మాత్రం బ్రిడ్జిని బాడీకి ఆనించేయడమే మంచిది. తేలే బ్రిడ్జి మీద ఒక్క తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి, పాట మధ్యలో చేసేదేమీ ఉండదు. వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన లోహపు ముక్క, క్లా స్క్రూలు రెండూ సమంగా బిగించండి. మూడు స్ప్రింగులు చాలకపోతే అయిదూ వేయండి, చోటు ఎలాగూ ఉంది. తీగ బెండ్ చేసినా బ్రిడ్జి లేవకూడదు, అదే గుర్తు. ఆర్మ్ కిందికి నొక్కడానికి అప్పటికీ పనిచేస్తుంది, పైకి లాగడానికే కుదరదు.

కరెంటు భాగానికొస్తే, వాల్యూమ్ తిప్పుతుంటే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే వద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) మార్చాల్సి వస్తే 250కె, అదీ ఆడియో రకం అని అడగండి. రేడియో షాపులో చేతికొచ్చిన లీనియర్ రకం ఇస్తే వాల్యూమ్ చాలా దూరం తగ్గనే తగ్గదు, ఆఖర్న ఒక్కసారి పడిపోతుంది. 100కె వేస్తే గిటారు మూగబోతుంది. పాత పాట్ వెనకభాగం వ్యాసం, అది దూరే ప్లాస్టిక్ పలకలో చిల్లు సైజు కొలుచుకుని వెళ్లండి. నకలు గిటార్లలో చిన్న పాట్‌లుంటాయి, పెద్దది ఆ చిల్లులో పట్టదు, నాబ్ పళ్లు కూడా కలవకపోవచ్చు. బ్రిడ్జి కొనేటప్పుడూ ఇదే జాగ్రత్త: ఆరు స్క్రూలవాటిలో ఈ కొస స్క్రూకీ ఆ కొస స్క్రూకీ మధ్య ఫెండర్ పాత కొలత 56 మి.మీ., చాలా నకళ్లలో అంతకన్నా తక్కువ.

జాక్ వదులైతే బయట నట్ ఒక్కటే పట్టుకుని తిప్పకండి. లోపల సాకెట్ కూడా తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. జాక్ పలక రెండు స్క్రూలు విప్పి, సాకెట్‌ని వేళ్లతో పట్టుకుని బిగించండి. బెల్టు బటన్ స్క్రూ చిల్లు వదులైపోతే అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి బిగించండి. నెక్ స్క్రూలకి కొవ్వొత్తి రాస్తే చెక్క చీలదు. సబ్బు వద్దు, అది తేమ లాగి స్క్రూని తుప్పు పట్టిస్తుంది.

సింగిల్ కాయిల్ పికప్ గుంయ్‌మనడం దాని పుట్టుక గుణం, చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటుని అది వింటుంది. తీగ ముట్టుకోగానే ఆ గుంయ్ తగ్గితే ఎర్త్ వైరు బాగున్నట్టే. తేడా ఏమీ లేకపోతే క్లా మీద టంకం ఊడిందేమో చూడండి. అక్కడ లోహం మందం, 25 వాట్ల ఐరన్‌తో వేడెక్కదు, టంకం పైపైన అంటుకుని మర్నాడు ఊడుతుంది. 40 లేదా 60 వాట్లది తీసుకుని, ముందు ఆకురాయితో గీరి మెరుపు తెప్పించి అంటించండి.

ఆ ఎర్త్ వైరు సంగతి ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఇంకో కారణముంది. దానివల్ల గిటారు తీగలు కేబుల్ గుండా ఆంప్ లోహపు పెట్టెకి కలిసి ఉంటాయి. పందిట్లో ఎర్త్ లేక, ఆంప్ ఒక లైనులో, మిక్సర్ ఇంకో లైనులో ఉండి, ఏ ఒక్కదాంట్లో కరెంటు లీకైనా, చేతిలో తీగలు పట్టుకుని పెదవి మైక్‌కి ఆనించిన మనిషి గుండా అది దాటుతుంది. ప్రాణం తీసే షాక్ ఇది. గుంయ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరిచేయడం అస్సలు చెయ్యొద్దు. ఆంప్, మిక్సర్ రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. వాయించే ముందు మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక మొన తీగకి, ఒక మొన మైక్ జాలీకి ఆనించండి. సున్నా దగ్గర ఉండాలి. పదుల్లో కనిపిస్తే కారణం దొరికేదాకా గిటారు భుజానికెత్తకండి. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ ఉంటే గిటారుకీ ఆంప్‌కీ మధ్య ఆ వైరు దారే ఉండదు, పల్లెటూరి పందిళ్లకి అది మంచి ఖర్చు.

అన్నీ బిగించాక తీగల్ని వేలితో మెల్లగా పైకి లాగి సాగదీసి, మళ్లీ శ్రుతి చేసి, పెట్టెలో పెట్టేయండి. ట్రస్ రాడ్ తిప్పినప్పుడు చెక్క వెంటనే మాట వినదు, సర్దుకోవడానికి ఒక రాత్రి తీసుకుంటుంది. 22వ తారీకు పొద్దున శ్రుతి చేసి ఆ తీగముక్కని మళ్లీ 8వ ఫ్రెట్ దగ్గర దూర్చి చూడండి. తేడా ఉంటే ఈసారి పావు తిప్పు కూడా వద్దు, అందులో సగం చాలు.